ఆకాశమేమన్నా మారినాదా?

"పాతదైతే ఏందంట? ఆకాశమేమన్నా మారినాదా?"

విత్తనానికి చెనక్కాయలు వలుస్తుంటే మా ఆయన ఆనంద్‌కుమార్ అన్న మాట ఇది. సోలార్ పార్కులో డ్రోన్ ఎగరేసి చెడిపోయిన ప్యానెళ్లను కనిపెట్టే పనికి మా ఊరు క్యాతగానచెర్లు నుంచి ఒకరిని తీసుకుంటామన్నారు. ముందు తుమకూరులో ఎగరేసే శిక్షణ, ఆ తర్వాత నిబంధనల మీద రాత పరీక్ష; దానికి ఎవరి పుస్తకం వాళ్లే కొనుక్కుని చదువుకోవాలి. ఐదేళ్లుగా ఆ ప్యానెళ్లు కడుగుతున్నదాన్ని, ఏ వరసలో ఏది పగిలిందో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? పేరిచ్చాను. పుస్తకం నేనే చూసి కొనుక్కుంటానంటే, "నువ్వు యాడ తిరుగుతావు, నేను తెస్తాలే" అన్నాడు. తెచ్చాడు. వాళ్ల చిన్నాయన కొడుకు అమరనాథ్ ఏడేళ్ల కిందట నాలుగు పేజీలు చదివి అటక మీద పారేసిన పుస్తకం. పాతది కదా అంటేనే ఆ ఆకాశం మాట అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పంటకు మందు కొనేటప్పుడు డబ్బా మూడుసార్లు తిప్పి తారీఖు చూసే మనిషి ఈయన. మరిది గోపికృష్ణ సెల్‌ఫోన్ కోసం బెంగళూరు దాకా పోయి నాలుగు షాపులు తిరిగొచ్చాడు. నా పుస్తకానికి మాత్రం తారీఖు ఉండదు. అయినా నోరు మూసుకుని అదే చదివాను. సంగటి కెలికి, కసువు ఊడ్చి, పార్కులో ఎండకు కమిలి వచ్చి, అందరి తిండ్లూ అయ్యాక చదివాను. "దీని సదువు పాడుగాను, పప్పు మాడిపోయినాది" అని అత్త కాటమ్మ. "పైలట్ మేడమ్, నీళ్లు" అని మరిది.

రెండు మార్కుల్లో పోయింది. "నీ తలకెక్కదని నేను ముందే చెప్తిని కదా" అన్నాడు మా ఆయన, కాస్త ఊరటగా. ఆ ఊరటే నన్ను కోసింది. అదే నిజమేమోనని రెండు రోజులు ఏడ్చాను కూడా.

మూడో రోజు సిగ్గు చంపుకుని, శిక్షణ ఇచ్చిన శశి మేడమ్‌కు ఫోన్ చేసి నా తప్పులేవో అడిగాను.

"సర్కారు డ్రోన్ మ్యాపులో పచ్చరంగు వేసిన చోట నాలుగు వందల అడుగుల దాకా ఎగరేసేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు నయనా. నువ్వు అన్నిటికీ అనుమతి కావాలనే రాసినావు. నీ పుస్తకం ఏ సంవత్సరందమ్మా?"

చెప్పాను.

"ఆ రూల్సు ఎప్పుడో పోయినాయి. నెలాఖరుకు ఇంకొక్క అవకాశం ఉండాది. కొత్తది చూసి కొనుక్కో."

ఫోన్ పెట్టేసి అట్లాగే కూర్చున్నాను. నా తలకేమీ కాలేదు. చెల్లని నిబంధనలను పొల్లు పోకుండా కంఠతా పట్టినందుకు ఫెయిలయ్యాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

మర్నాడు పనికి సెలవు పెట్టి తుమకూరు బస్సెక్కాను. "కొడుక్కా అమ్మా?" అని షాపాయన కన్నడంలో అడిగాడు. నాకే అన్నాను. మొదటి పుస్తకానికి అట్ట కొత్తది, లోపల అచ్చయిన సంవత్సరం పాతది. రెండోదాంట్లో కొత్త నిబంధనలను చివర రెండు పేజీలుగా అతికించి సరిపెట్టారు. రెండూ పక్కన పెట్టాను. ఆయన విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాను. మూడోదాంట్లో నాలుగు వందల అడుగుల మాట వెతికి, కనిపించాకే తీసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వెనక అత్త. ఆయన నా చేతిలో పుస్తకం చూశాడు, నా ముఖం చూశాడు.

"ఎవర్ని అడిగి పోయినావు?"

"ఎవర్నీ అడగలే. నెలాఖరు పరీక్షకు పోయేటప్పుడు కూడా అడగను. ఆ పొద్దు సంగటి నువ్వే కెలుక్కో."