మొక్కల పాకలో నాలుగో రోజు

"బల్ల ఎంతెత్తు ఉండాలమ్మా?" అని వడ్రంగి వీరబ్రహ్మం అడిగితే కన్యక తననేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. పదమూడేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఏ వస్తువూ ఆమెని అడిగి చేయించింది లేదు మరి. నడుం దగ్గర చెయ్యి పెట్టి "ఇక్కడికి" అంది. నుంచుని మొక్కలు నాటుకోవాలి. వంగి చేసే చాకిరీ ఇంట్లో ఎలాగూ ఉంది.

మండపేటలో వాళ్లది పెద్ద కిరాణా కొట్టు. పెరట్లో మొక్కలకో తాటాకు పాక వేయించమని మూడేళ్లు అడగ్గా అడగ్గా, భర్త నాగేశ్వరప్రసాద్ ఈ మాఘంలో "సర్లే, నీ సరదా ఎందుకు కాదనాలి" అన్నాడు. సరదా అట. పూలతోటల కడియంలో పుట్టి, నడకతోపాటే గులాబీలకి అంటు కట్టడం నేర్చుకున్న మనిషికి అది సరదా. తెల్లారి కాఫీలతో మొదలుపెట్టి అందరి తర్వాత ఇంత తిని లేచేసరికి రెండయ్యేది. మళ్లీ మూడున్నరకి కాఫీలు. ఆ గంటన్నరలోనే, రోజుకింత చొప్పున, నెల్లాళ్లపాటు పాక లోపల అమర్చుకుంది. కొట్లో ఖాళీ అయిన సబ్బుల పెట్టెలు గోడకి కొట్టించి అరలు చేసింది. మూడు కిరసనాయిలు డబ్బాల్లో ఒండ్రు, ఎర్రమట్టి, మాగిన పేడ నింపింది. కత్తికో మేకు, కత్తెరకో మేకు, అరటినారకో మేకు. అరల మీద యాభై గులాబీ అంట్లు. నీడపట్టున తడారకుండా నెల్లాళ్లుంటే గానీ అవి బతకవు.

అంతా అయ్యాక నాగేశ్వరప్రసాద్ చూడ్డానికొచ్చాడు. "బాగానే అమర్చావే. గాలీ వెలుతురూ ఉన్నాయి. అమ్మా, ఓసారి రా" అని తల్లిని పిలిచాడు. శ్యామలాంబ గారు లోపలికి తొంగి చూసి, "చాప పట్టే చోటుంది" అంది.

అప్పుడర్థమైంది కన్యకకి. బయట చేరిన మూడు రోజులూ ఇన్నాళ్లూ వెనక వసారాలో కూర్చునేది. ఇప్పుడక్కడ కొట్టు బెల్లం వేశారు, మైల తగలకూడదు. ఇక ఆ మూడు రోజులూ ఈ పాకలోనే.

"మరి మొక్కలండీ?"

"బయట పెట్టించెయ్. ఆ రోజుల్లో నువ్వు ముట్టుకుంటే మాడిపోవూ?" అన్నాడు నాగేశ్వరప్రసాద్.

"మేం పశువులపాకలో ఉండేవాళ్లమమ్మా. దాని ముందు ఇది మేడే" అంది అత్తగారు. ఎత్తిపొడుపుగా కాదు, ఉన్నమాటే అంది. పోట్లాడ్డానికైనా వీల్లేకుండా పోయింది కన్యకకి.

నాలుగు రోజులకే బయట చేరింది. పనిమనిషి తలుపులమ్మ కుండీలన్నీ మోసుకెళ్లి గోడవార ఎండలో పెట్టింది. తను చాప మీద కూర్చుని గుమ్మంలోంచి చూస్తూంటే, మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయాయి. "కాసిని నీళ్లు పోయించండి అత్తయ్యగారూ" అని కేకేస్తే, "రేపు తలుపులమ్మ రానీ" అని జవాబు. భర్తనడిగితే "పోతే మళ్లీ కట్టుకుంటావు, దానికి ఏడుపేంటే" అని కొట్టుకెళ్లిపోయాడు. రెండో రోజుకి ఇరవై అంట్లు ఎండిపోయాయి. పది అడుగుల దూరంలో, తను చూస్తూండగానే. కన్యక మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఇల్లు నిద్రపోయాక, మిగిలిన ముప్ఫైనీ తన చేతుల్తోనే లోపలికి తెచ్చేసుకుంది. ముట్టుకోగానే మాడతాయేమోనని మొదటిదాన్ని వేలి కొసతో తాకి చూసి గానీ ఎత్తలేదు. నవ్వకండి, పెంపకం అలాంటిది. తన కడవలో నీళ్లే తలా కాస్తా పోసింది. సాయంత్రానికి ఆకులు నిలబడ్డాయి.

మూడో రోజంతా బల్ల దగ్గరే గడిచింది. ఆ గుమ్మం దరిదాపులకి ఎవరూ రారు, పిలిచి పని చెప్పరు. వసారాలో అయితే ఊరికే కూర్చోవడమే. పెళ్లయ్యాక ఒక పూర్తి రోజు తనదవడం అదే మొదలు. సంతోషమేసింది, ఆ వెంటనే ఆ సంతోషం మీదే రోత పుట్టింది. మైలపడితే తప్ప తన చోటు తనకి దక్కదన్నమాట.

నాలుగో రోజు పొద్దున్నే అత్తగారు కాఫీ గ్లాసుతో వచ్చి దూరంగా నిలబడింది. "నీళ్లు కాగాయి. తలస్నానం చేసి లోపలికి రామ్మా, వంట కావాలి."

"ఇంకా తగ్గలేదండి అత్తయ్యగారూ."

అబద్ధం. అత్తగారి దగ్గర ఆడిన మొదటి అబద్ధం. ఈ ఒక్క రోజూ గడిచినా రేపు వెళ్లక తప్పదని ఆమెకి తెలుసు.

శ్యామలాంబ గారు గోడవార ఎండిపోయిన కుండీల పక్కన ఖాళీ అయిన చోటుకేసి చూసింది. కోడలి మట్టి చేతులకేసి చూసింది. వంగి గ్లాసు నేల మీద పెట్టింది.

"నాకూ నీ వయసులో ఒక్కోసారి అయిదో రోజు దాకా పట్టేదిలే" అంది.