బాగున్నాం, మీ దయ

నేనొక నవలని. ఇలా అనగానే నాకేదో పేరూ ప్రతిష్ఠా ఉన్నాయని అనుకోకండి. ఐదు వందల కాపీలుగా అచ్చయ్యాం. అందులో మూడు వందలు రచయితగారి మంచం కింద చెదలపాలయ్యాయి. మిగిలినవి ఏమయ్యాయో తెలియదు. ఒకే రోజు పుట్టిన అంతమందిలో ఒక్కరి ఆచూకీ కూడా లేకుండా బతకడం ఎలా ఉంటుందో మనుషులకు ఎంత చెప్పినా అర్థం కాదు. వాళ్లకు ఇద్దరు అన్నదమ్ములుంటేనే కోర్టు చాలడం లేదు.

నన్ను రాసినాయన కొచ్చెర్ల సదానందం గారు. ముప్పై ఏళ్లు తాలూకాఫీసులో టైపిస్టు. 'పై ఉత్తర్వుల మేరకు' అని కొట్టీ కొట్టీ, ఇంతకీ ఆ పైన ఎవరున్నారో ఒకసారి చూడాలనిపించిందట. బతికుండగా అంత పైకి ఎవరూ రానివ్వరు కనుక, రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఊహించుకుని నన్ను రాశారు.

నా పేరు 'క్షేమనగరం'. నాలో ఒక ఊరుంది. ఆ ఊరి ప్రభుత్వం చెడ్డది కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి ఇంటి గోడకీ ఒక పెట్టె ఉంటుంది. సాయంత్రం ఆరు కాగానే అది ఎంతో ఆప్యాయంగా "బాగున్నారా?" అని అడుగుతుంది. ఇంటిల్లిపాదీ లేచి నిలబడి "బాగున్నాం, మీ దయ" అనాలి. బాగాలేదన్నవాళ్లను కొట్టడం, తిట్టడం ఉండవు. ఒక తెల్లబండి వచ్చి, బాగుచేయడానికి తీసుకెళ్తుంది. అంతే.

నేను అచ్చయినప్పుడు ఒక పత్రికలో నాలుగు వాక్యాల సమీక్ష వచ్చింది. 'ఎప్పుడో జరగబోయే సంగతులను రచయిత మితిమీరి ఊహించారు' అని. సదానందం గారు అది చదివి చాలాసేపు నవ్వారు. జరగబోయేదాన్ని గురించి ఆయన ఒక్క ముక్క రాయలేదు. ఆఫీసులో రోజూ చూసినవాటినే కాస్త పెద్దవి చేసి రాశారు. ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు కనిపించే ఇలాంటి కథలన్నీ ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్ల ముఖాలు చూసి రాసినవే.

ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌను శాఖా గ్రంథాలయానికి నేను చేరాను. ఊరి పేరు చెప్పను, ఇంకా అక్కడే ఉన్నాను కనుక. నాకు ఒకపక్క పచ్చళ్ల పుస్తకం, మరోపక్క శనిదోష నివారణ పుస్తకం. వాళ్లిద్దరూ ఇంటిపట్టున ఉండేవాళ్లు కారు. ఆవకాయ ఎలా పెట్టాలి, శని ఎప్పుడు వదులుతాడు, ఈ రెండూ తెలిస్తే ఊరికి చాలు. ఆరేళ్లు నన్నెవరూ ముట్టుకోలేదు. పక్కన పుస్తకం లేని ఖాళీలోకి నేను ఒరిగిపోతే, లైబ్రేరియన్ వచ్చి నిలబెట్టేది. ఆరేళ్లలో నాకు తెలిసిన మనిషి స్పర్శ అంతే.

ఆ లైబ్రేరియన్ సుగుణమణి. భర్త పోయాక ఒప్పందం మీద ఈ ఉద్యోగంలో చేరింది. పుస్తకాలను పిల్లల్లా చూసుకునేది కానీ ఒక్కటీ చదివి ఎరగదు. చదివితే కళ్లు మూతలు పడతాయనేది. ఆమెకు ఒక సొంత పద్ధతి ఉండేది. మా లైబ్రరీలో పుస్తకం వెనక్కి రాగానే పాఠకుడి కార్డు పాఠకుడికి ఇచ్చేస్తారు. ఎవరు చదివారన్న జాడ ఎక్కడా మిగలదు. మిగిలేది పుస్తకం చివర అంటించిన చీటీ మీద తేదీ ముద్ర ఒక్కటే. సుగుణమణి ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో చదివినవాళ్ల పేరు కూడా రాసేది. రాయమని ఎవరూ చెప్పలేదు. ఎవరైనా వచ్చి "ఈ పుస్తకం బాగుంటుందా మేడం?" అంటే ఆ చీటీ చూసి, "నాకేం తెలుసు నాయనా, ఫలానావాళ్లు చదివారు, పోయి అడుగు" అనడానికి. చదవని లైబ్రేరియన్ తన లోటు పూడ్చుకోవడానికి కనిపెట్టిన ఉపాయం అది.

ఏడో ఏట ఒక వానరోజున ఖాసింబీ వచ్చింది. అంగన్‌వాడీ టీచరు. వాన వెలిసేదాకా ఏదో ఒకటి చేతిలో ఉండాలని నన్ను లాగింది. నాలుగు పేజీలు చదివి పకపకా నవ్వింది. నా బతుకులో నేను విన్న మొదటి నవ్వు. నన్ను ఇంటికి పట్టుకెళ్లి, మూడో రోజు తెచ్చింది.

"అక్కా, ఇది రాసినాయన మా సెంటరుకొచ్చి చూసిపోయాడా ఏంది?" అంది.

ఆమె సెంటర్లో ఇరవై మూడు మంది పిల్లలు. గుడ్డు పెట్టే ముందు ప్రతి పిల్లాడి మొహం ఫోన్‌లో చూపించాలి. నెట్ రాకపోతే పిల్లాడు తిన్న గుడ్డు తిననట్టే లెక్క. పిల్లాడు ఏడిస్తే ఫోను మొహం గుర్తుపట్టదు కనుక, ముందు వాణ్ణి నవ్వించి తర్వాత గుడ్డు పెట్టాలి. ఇదంతా సుగుణమణికి చెబుతూ, "ఆ పెట్టెలో అడిగేదీ, నన్నడిగేదీ ఒకటేనక్కా" అంది.

ఆమె నన్ను ఆరుసార్లు తీసుకెళ్లింది. ఆరుసార్లూ సుగుణమణి ఆమె పేరు నొక్కి నొక్కి రాసింది. మరో ఎనిమిది మందికి ఆమే చెప్పి చదివించింది. దాంతో ఒక తమాషా మొదలైంది. రేషన్ బండి దగ్గర, గ్యాసు క్యూలో, ఎవరైనా "ఎట్టా ఉండారు?" అంటే "బాగున్నాం, మీ దయ" అనడం మొదలెట్టారు. నన్ను చదవనివాళ్లకు కూడా అది నోటికొచ్చేసింది. సాయంత్రం నాలుగింటికి ఖాసింబీ కొంగులో వేరుశనక్కాయలు పట్టుకుని లైబ్రరీకొచ్చేది. ఇద్దరూ ఒలుచుకు తింటూ ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్లు. నేను బల్ల మీద పడి ఉండేదాన్ని. నేను సుఖంగా గడిపిన ఏడాది అదొక్కటే.

తర్వాత మండలాఫీసులో ఒక సమీక్ష జరిగింది. శేషశయనం గారని పై అధికారి వచ్చి, "సెంటర్లు ఎలా నడుస్తున్నాయమ్మా?" అని అడిగారు. ఖాసింబీ లేచి, అలవాటులో నోరుజారి "బాగున్నాం సార్, మీ దయ" అనేసింది. సగం హాలు గొల్లుమంది. శేషశయనం గారు కూడా నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియకుండా నవ్విన మనిషికి ఇంటికెళ్లాక కోపం వస్తుంది. ఆయన ఆరా తీశారు. గురువారం లైబ్రరీకి వస్తున్నానని, ఆ పుస్తకం, దాన్ని చదివినవాళ్ల వివరాలు సిద్ధంగా ఉంచమని సుగుణమణికి ఫోను చేశారు.

బుధవారం మధ్యాహ్నం, లైబ్రరీ మూసి ఉండే వేళ, సుగుణమణి తలుపు వేసుకుని నా చివరి పేజీ తెరిచింది. ఆ చీటీని అప్పుడు ఆమె కొత్తగా చూసింది. తన చక్కటి పద్ధతి, తన గుండ్రటి చేతిరాత, తొమ్మిది మంది మనుషులు. ఖాసింబీది కూడా ఒప్పందం ఉద్యోగమే. భర్తకి చూపు ఆనదు, ఇల్లు నడిచేది ఆ జీతంతోనే.

"నాకెందుకమ్మా ఈ తెలివి పుట్టింది?" అని తనను తానే తిట్టుకుంది సుగుణమణి. చీటీ చింపేస్తే అనుమానం వస్తుంది. అందుకని రబ్బరు తీసుకుని ఒక్కో పేరూ చెరిపింది. ఖాసింబీ పేరు ఆరుచోట్ల. పెన్సిల్ అంత నొక్కి రాసినందుకు చెయ్యి నొప్పెట్టింది. రబ్బరు పొట్టుని నోటితో ఊదింది. ఆ ఊపిరి వెచ్చగా నా మీద పడింది. ఆమె భయపడుతోందని అప్పుడు నాకు తెలిసింది.

శేషశయనం గారు రాక్షసుడేమీ కాదు. బీపీ మనిషి, మంచినీళ్లడిగి తాగారు. నన్ను తిరగేసి, చీటీ చూశారు.

"తేదీలే ఉన్నాయేమ్మా? ఎవరు తీసుకెళ్లారో రాయరా?"

"రాసే పద్ధతి లేదండీ."

"పోనీ గుర్తున్నవాళ్ల పేర్లు చెప్పండి. ఎవర్నీ ఏమీ చెయ్యంలే. ఊరికే తెలుసుకుందామని."

"రోజుకి ఎంతమందో వస్తారండీ. గుర్తులేదు."

ఆయనకూ అంతకు మించి ఓపిక లేదు. 'తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఈ పుస్తకం పాఠకులకు ఇవ్వరాదు' అని ఒక తెల్లకాగితం మీద రాసి, సుగుణమణి చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

పేపర్లు చదివే బల్ల దగ్గర అప్పుడు ఐదుగురున్నారు. ఆఫీసరు వచ్చాడు, కాగితం రాశాడు, మేడం సంతకం పెట్టింది. వాళ్లు చూసింది ఇంతే. సాయంత్రానికల్లా లైబ్రరీ మేడం లిస్టు రాసిచ్చిందని ఊరంతా తెలిసిపోయింది.

మర్నాడు ఖాసింబీ వచ్చింది. కొంగులో ఏమీ లేవు. కార్డు బల్ల మీద పెట్టింది.

"నా పేరు కొట్టెయ్యక్కా. టైం కుదరడంలా."

"కూర్చో ఖాసిమ్మా."

"లేదక్కా, పిల్లోళ్ల పని ఉంది."

సుగుణమణి నోరు తెరిచింది. పేపర్ల బల్ల దగ్గర ఐదుగురూ పేజీలు తిప్పడం ఆపేశారు. 'నీ పేరు చెరిపేశాను' అని పైకి అంటే, అక్కడ పేరు ఉండేదని ఒప్పుకున్నట్టే. ఆమె నోరు మూసుకుంది. అది చూసి ఖాసింబీ ఏమనుకోవాలో అదే అనుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ కాలేదు. ఖాసింబీకి మెమో రాలేదు. శేషశయనం గారు బదిలీ మీద వెళ్లిపోయారు. నా సంగతే ఆయన మర్చిపోయి ఉంటారు. క్షేమనగరం నడపడానికి సదానందం గారు ఇంటికో పెట్టె పెట్టి, తెల్లబండ్లు పెట్టి, పాపం ఎంతో కష్టపడ్డారు. ఇక్కడ ఒక్క తెల్లకాగితం సరిపోయింది. మిగతా పనంతా ఊరివాళ్లే తలా ఒక చెయ్యి వేసి పూర్తిచేశారు. ఈ సంగతి ఆయనకు తెలిసుంటే నన్ను ఇరవై పేజీల్లో ముగించేవారు.

నాలుగేళ్లు బీరువాలో ఉన్నాను. అద్దంలోంచి అన్నీ కనిపించేవి, ఏదీ అందేది కాదు. నాలుగింటికి సుగుణమణి తలుపు వైపు చూడటం కనిపించేది. బీరువా తుడుస్తూ తనలో తను మాట్లాడుకునేది. రెండుసార్లు సెంటరు సందుదాకా వెళ్లి, అక్కడ జనం ఉన్నారని తిరిగొచ్చిందట. తర్వాత తర్వాత అది కూడా మానేసింది. ఇంకా ఆలస్యంగా చెబితే నమ్మరని భయం. ఆ భయంతో ఇంకా ఆలస్యం. నన్ను చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేది. నా తప్పేముంది అని అడగాలనిపించేది. అడిగే నోరుంటే నేను మాత్రం అడిగేదాన్నా? ఆ ఊళ్లో నోళ్లున్నవాళ్లెవరూ ఏమీ అడగలేదు కదా.

ఈ ఏడాది లైబ్రరీని చిన్న గదిలోకి మార్చారు. సగం పుస్తకాలను పాత కాగితాల కింద తీసేశారు. సుగుణమణి ఒప్పందం కూడా ఆ నెలతోనే ముగిసింది. బీరువా తెరిచి, నన్ను ఏం చెయ్యాలని పై ఆఫీసుకి ఫోను చేస్తే, ఏ పుస్తకం, ఏ ఉత్తర్వు అని అడిగారు. ఆమె జవాబు చెప్పకుండా పెట్టేసింది. నన్ను సంచిలో వేసుకుని, పట్టపగలు, నేరుగా అంగన్‌వాడీకి నడిచింది.

పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. ఖాసింబీ గుమ్మంలో గిన్నెలు బోర్లిస్తోంది. సుగుణమణిని చూసి లేచి నిలబడింది, ఆఫీసరు వచ్చినట్టు. అది సుగుణమణికి గుచ్చుకుంది. నన్ను తీసి, చివరి పేజీ తెరిచి ఆమె చేతిలో పెట్టింది.

"ఏముందక్కా ఇందులో? ఏం లేదుగా."

"లేదు. లేదని చూపిద్దామనే తెచ్చా."

ఖాసింబీకి ముందు అర్థం కాలేదు. చీటీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. కాగితం మీద నొక్కుళ్లు కనిపించాయి. ఒక చోట తన పేరు, ఇంకో చోట తన పేరు. వేలితో ఆరూ తడిమింది.

"ఎప్పుడు చెరిపావక్కా?"

"ఆయన వచ్చే ముందురోజు."

"మరి సంతకం?"

"పుస్తకం ఎవరికీ ఇయ్యనని పెట్టిన సంతకం అది."

ఖాసింబీ గుమ్మంలోనే కూలబడింది. "నాలుగేళ్లక్కా! నువ్వు ఎదురొస్తే సందు మార్చుకున్నా. ఒక్క మాట చెప్పకపోయావా?"

"నువ్వొక్క మాట అడక్కపోయావా?"

ఇద్దరూ ఏడ్చారు. నేను ఖాసింబీ ఒళ్లో తెరుచుకునే ఉన్నాను. కాసేపటికి సుగుణమణి, "నీ దగ్గరే ఉంచుకో, నీ పుస్తకమే ఇది" అంది. ఖాసింబీ నన్ను మూసి, అటూ ఇటూ చూసి, మెల్లగా సంచిలో పెట్టేసింది.

"ఇక్కడ వద్దులేక్కా. ఏమీ అనుకోబాక."

సుగుణమణి ఏమీ అనుకోలేదు. నేను మాత్రం అనుకున్నాను.

అప్పుడే ఖాసింబీ ఫోను మోగింది. సంచిలోంచి కూడా నాకు స్పష్టంగా వినిపించింది. రికార్డు చేసిన ఆడగొంతు, ఎంతో ఆప్యాయంగా అడిగింది. ప్రభుత్వ సేవల పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా? ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి.

గొంతు రెండోసారి అడిగింది. టిక్కుమని ఒక మీట చప్పుడైంది. ధన్యవాదాలు అంది గొంతు.

"ఒకటే నొక్కానక్కా" అంది ఖాసింబీ, తల ఎత్తకుండా.

"నేనైనా అదే నొక్కేదాన్నిలే" అంది సుగుణమణి. వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.