హౌసాబాయి అడుగులు

ఒక చేతిగడియారం కొనడానికి మూడు వారాలు పట్టిందంటే పాఠకులు నవ్వుతారు. నవ్వండి. ఈ కథలో నవ్వడానికి వీలున్నది మొదట్లోనే.

పుణేలో కోథ్రూడ్ దాటాక కొత్తగా లేచిన భవనాల్లో ఒకదాని ఆరో అంతస్తులో హృషికేశ్ పటవర్ధన్ కాపురం ఉంటాడు. నలభై రెండేళ్ల వాడు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, నడుము చుట్టూ దాని గుర్తులు. ఆ వేసవి చివర వాళ్ల ఆఫీసులో నడక పోటీ పెట్టారు. మూడు నెలల్లో ఎవరు ఎక్కువ అడుగులు నడిస్తే వాళ్లకు సన్మానం, బహుమతి. చేతికి స్మార్ట్‌వాచ్ కట్టుకుంటే చాలు, లెక్క దానంతటదే ఆఫీసుకు చేరుతుంది.

అందుకని ఆదివారం పొద్దున్నే పోహా, అదే అటుకుల ఉప్మా, పళ్లేలు ముందు పెట్టుకుని భార్యాభర్తలు ఫోనులో వాచీలు చూస్తున్నారు. మూడో ఆదివారం అది.

"ఇది చూడు మృణ్మయీ. వారం రోజులు చార్జింగ్ ఉంటుందట. నీళ్లలో పడ్డా ఏం కాదట."

"గుండె చూస్తుందా?"

"చూడదు."

"అయితే ఎందుకు, గోడకు కొట్టుకోడానికా? మీ పెదనాన్నకు ఏమైందో అప్పుడే మర్చిపోయావా? గుండెలో తేడా వస్తే చెప్పేదే తీసుకో. డబ్బు గురించి ఆలోచించకు."

సోఫాలో పేపరు చదువుతున్న హృషికేశ్ తండ్రి, రిటైరైన హెడ్‌మాస్టరు నానా, అద్దాల మీదుగా చూశాడు. "మీ వెతుకులాట చూస్తే పిల్లాడికి సంబంధం వెతుకుతున్నట్టుందర్రా. జాతకం కూడా అడగండి," అన్నాడు.

"కాళ్లు పైకెత్తండి దాదా," అంది హృషికేశ్‌తో, కింద నేల తుడుస్తున్న పనిమనిషి హౌసాబాయి. గుడ్డ పిండుతూ తల ఎత్తింది. "ఆ గడియారం నిజంగా గుండెను చూస్తుందా తాయీ?"

"చూస్తుంది మావశీ. ఏదైనా తేడా ఉంటే వెంటనే చెప్పేస్తుంది," అంది మృణ్మయి.

"బాగుందమ్మా. దవాఖానాలో లైను కట్టే పని లేదు."

అందరూ నవ్వారు. హౌసాబాయి కూడా నవ్వింది. నవ్వుతూనే గోడకు చెయ్యి ఆనించి కాస్త ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి ఎవరూ గమనించలేదు.

హౌసాబాయికి యాభై ఆరేళ్లు. పర్వతి కొండ కింది బస్తీలో కూతురు రూపాలితో ఉంటుంది. హృషికేశ్ ఉండే అపార్ట్‌మెంటు సొసైటీలోని మూడు భవనాల్లో కలిపి ఏడిళ్లలో పని చేస్తుంది. అన్ని ఇళ్లకూ మావశీయే, అంటే పిన్ని. ఆమె నోట ఆ ఇళ్ల మగవాళ్లు దాదాలు, అంటే అన్నలు; ఆడవాళ్లు తాయీలు, అంటే అక్కలు. పిలుపులో చుట్టరికానికి లోటు లేదు. లిఫ్టు దగ్గర మాత్రం ఆ చుట్టరికం ఆగిపోయేది. ఇళ్లలో పనిచేసేవాళ్లు సామాన్ల లిఫ్టే వాడాలని సొసైటీ వాళ్లు బోర్డు పెట్టారు. ఆ సామాన్ల లిఫ్టులు మూడూ ఒకదాని వెనక ఒకటి చెడిపోయి ఏడు నెలలైంది. బాగు చేయించాలన్న తొందర ఎవరికీ లేదు, ఎందుకంటే మెట్లెక్కేది వాళ్లు కాదు. ఆ బోర్డు పెట్టాలన్న తీర్మానం మీద ఇరవై మూడు సంతకాలుంటే, అందులో పద్నాలుగోది హృషికేశ్‌ది.

ఆయన చెడ్డవాడు కాడు. ఇది ఇక్కడే చెప్పాలి. చెడ్డవాడని తేల్చేస్తే మనం హాయిగా పక్కకు తప్పుకుంటాం. హౌసాబాయికి దీపావళికి కొత్త చీర పెట్టేవాడు, జ్వరమొస్తే మాత్రలిచ్చేవాడు. సంతకం కూడా ద్వేషంతో పెట్టలేదు. కాగితం చుట్టూ తిరుగుతూ తన దగ్గరికి వచ్చింది, పెట్టాడు.

వాచీ వచ్చింది. దానికి సొంత సిమ్ ఉంది, ఫోను ఎంత దూరాన ఉన్నా అంకెలు పంపుతుంది. మొదటి వారం హృషికేశ్ ఉత్సాహంగా నడిచాడు. తర్వాత వానలు పట్టుకున్నాయి. పుణే ముసురు సంగతి తెలిసిందే, మొదలైతే వదలదు. పోటీలో ఆయన పేరు ఏడో చోటు నుంచి ముప్పయ్యో చోటుకు జారింది. భోజనాల బల్ల దగ్గర మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"అంత బాధెందుకు?" అంది మృణ్మయి. "ఆ వాచీ తీసి మావశీ చేతికి కట్టు. సాయంత్రానికల్లా నువ్వే ఫస్టు."

ఆమె సరదాకి అంది. ఆయన సరదాగా తీసుకోలేదు.

మర్నాడు ఏడింటికి హౌసాబాయి వచ్చేసరికి హృషికేశ్ గుమ్మంలోనే ఉన్నాడు. "మావశీ, కొన్నాళ్లు ఇది మీ చేతికి ఉంచుకోండి. పొద్దున కట్టుకోండి, మధ్యాహ్నం వెళ్లేటప్పుడు మా ఇంట్లో ఇచ్చేయండి."

హౌసాబాయి చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుని గానీ దాన్ని తాకలేదు. "గుండెను చూస్తుందన్నారే, అదేనా? నాకా దాదా?"

"అదే. మీకే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తన గుండె కోసమే ఇచ్చాడనుకుంది. అడుగుల కోసమని ఆయన చెప్పలేదు. చెప్పడానికి సిగ్గనిపించింది. ఆ చిన్న సిగ్గు దాటి ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ వేరేగా నడిచేది.

మొదటి రోజు పంతొమ్మిది వేల అడుగులు, అరవై ఒక్క అంతస్తుల మెట్లు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఫోనులో ఆ అంకెలు చూసి హృషికేశ్ ఈల వేశాడు. ఆ అంకెల కింద ఎర్రగా ఇంకో మాట ఉంది. గుండె లయ తప్పి కొట్టుకుంటున్న సూచనలున్నాయి, వైద్యుణ్ణి కలవండి అని.

ఒక్క క్షణం ఆయనకు ఒళ్లు చల్లబడింది. వెంటనే గుర్తొచ్చింది.

"అమ్మయ్య! నాది కాదులే," అని గట్టిగా నవ్వేశాడు. "చచ్చేంత భయపెట్టింది వెధవది."

"ఏంటి?" అంది వంటింట్లోంచి మృణ్మయి.

"ఏం లేదు. మావశీ మెట్లెక్కుతుంటే దీనికి ఆయాసం వచ్చినట్టుంది."

మూడో రోజు మళ్లీ వచ్చింది. ఐదో రోజు రెండుసార్లు. మీటింగుల మధ్య ఫోను గుయ్‌మంటుంటే చిరాకేసి, ఆ హెచ్చరికలు మోగకుండా ఆపేశాడు. అడుగుల లెక్క మాత్రం రోజూ చూసుకునేవాడు. నెల తిరిగేసరికి పట్టికలో మొదటి పేరు ఆయనదే.

ఆషాఢ ఏకాదశికని విఠోబా భక్తులు కాలినడకన సాగే వారీ, పల్లకీలతో పుణే మీదుగా పండరికి వెళ్లిపోయింది. ఒకరోజు హౌసాబాయి గిన్నెలు తోముతుంటే నానా మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చాడు.

"ఏం హౌసాబాయీ, ఈసారి వారీకి పోలేదేం? పాతికేళ్లుగా తప్పకుండా నడిచావు కదా. విఠోబా మీద అలిగావా?"

"నేనెందుకు అలుగుతా నానా? ఆయనే అలిగాడు. దివే ఘాటు కొండదారి ఎక్కలేనని తెలిసిపోయినట్టుంది," అని నవ్వింది. పాదాలు వాచి చెప్పుల పట్టీలు ఒత్తుకుపోయి ఉన్నాయి.

"ఒకసారి డాక్టరుకు చూపించుకోరాదూ?"

"ఎందుకు? ఇదుంది కదా," అని తడిచేత్తోనే మణికట్టు చూపించింది. "దాదా రోజూ చూస్తున్నాడు."

నానా తలూపి నీళ్లు తాగి వెళ్లిపోయాడు. పండరికి నూట యాభై మైళ్లు నడిచే మనిషి ఈ ఏడు నడవలేనందంటే అందులో ఉన్న కబురు ఎంత పెద్దదో, నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన ఆయనకు అప్పుడు తట్టలేదు. తర్వాత జీవితాంతం తడుతూనే ఉంటుంది.

బస్తీలో రూపాలి రోజూ పోట్లాడేది. "అమ్మా, పడుకుంటే ఊపిరాడట్లేదంటావు, కాళ్లు చూస్తే ఇలా ఉన్నాయి. రేపు పని మానెయ్, దవాఖానాకు పోదాం."

"పిచ్చిదానా, వాళ్లు చదువుకున్నవాళ్లే. గుండెకు ఏమైనా ఉంటే ఆ ఫోనులో కనపడదా? కనపడితే దాదా నాకు చెప్పడా? అడిగాను కూడా."

"ఏమన్నాడు?"

"బ్రహ్మాండంగా ఉంది మావశీ, మీరే నంబర్ వన్ అన్నాడు."

నిజమే, అలాగే అన్నాడు. ఆమె గుండె గురించి అడిగింది. ఆయన అడుగుల గురించి జవాబు చెప్పాడు.

శ్రావణం మొదటి సోమవారం, పదకొండు గంటలప్పుడు, రెండో భవనం నాలుగో అంతస్తు మెట్ల మీద హౌసాబాయి కూర్చుండిపోయింది. పక్కన పాల సంచి, నిమ్మకాయలు. దారిన పోయేవాళ్లు అలసి కూర్చుందనుకున్నారు. ఇద్దరు ముగ్గురు పక్కగా దిగి వెళ్లారు. పలకడం లేదని కాపలా మనిషి గుర్తించి కిందికి దించాలని చూస్తే, లిఫ్టు ముందు అదే బోర్డు. ఆ రోజు ఎవరూ అడ్డు చెప్పలేదు. హౌసాబాయి ఆ లిఫ్టులో ఎక్కడం అదే మొదటిసారి. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

డాక్టరు రూపాలిని అడిగాడు. "ముందు నుంచే ఏవో సూచనలు ఉండాలే? మందులతో నెట్టుకురావచ్చు ఇలాంటిది. నెల ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా."

పన్నెండో రోజు దాటాక రూపాలి పటవర్ధన్‌ల గుమ్మంలో నిలబడింది. తెల్లటి రుమాలులో చుట్టిన వాచీని బల్ల మీద పెట్టింది. శుభ్రంగా తుడిచి తెచ్చింది.

"మీ వస్తువు దాదా. అమ్మ చేతికుంది."

మృణ్మయి ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. రూపాలి చెయ్యి ఇచ్చింది గానీ చూపు హృషికేశ్ మీది నుంచి తిప్పలేదు.

"ఒక్కటి అడగాలి. నేను దవాఖానాకు రమ్మంటే, దాదా చూస్తున్నాడని మా అమ్మ రాలేదు. ఈ వాచీ గుండె చూస్తుందట కదా. అమ్మ గురించి ఏమీ చెప్పలేదా?"

హృషికేశ్ చేతిలో ఫోనుంది. ఆమె పోయిన రోజు సాయంత్రమే ఆయన ఆ హెచ్చరికల పేజీ తెరిచి చూశాడు. ముప్పయ్యారు హెచ్చరికలున్నాయి. ఒకదాని కింద ఒకటి, తేదీలతో సహా. చివరిది సోమవారం పది గంటల యాభై నిమిషాలకు. చెప్పలేదమ్మా, యంత్రాలను నమ్మకూడదు అనేస్తే అయిపోయేది. ఆ పిల్లకు తెలిసే దారే లేదు. ఆ మాట నాలుక మీదకు వచ్చింది కూడా.

తండ్రి తననే చూస్తున్నాడు. హృషికేశ్ ఫోను బల్ల మీద పెట్టాడు.

"చెప్పింది రూపాలీ."

"చెప్పిందా?"

"ముప్పయ్యారు సార్లు చెప్పింది."

"మరి మీరు..."

"నాది కాదు కదా అని వదిలేశాను. అసలు అది మీ అమ్మ గుండె కోసం ఇవ్వలేదమ్మా. ఆఫీసులో పోటీ. అడుగుల కోసం ఇచ్చాను."

రూపాలి బల్ల మీది వాచీ వైపు ఒకసారి చూసింది. తిడుతుందనుకున్నారు. తిడితే బాగుండుననుకున్నారు. "ఒక్కసారి చెప్పుంటే చాలు కదా దాదా. నేను తీసుకెళ్లేదాన్ని. మిమ్మల్ని రమ్మనేదాన్ని కూడా కాదు," అంది. ఆ మాట అనేసి దిగి వెళ్లిపోయింది. మెట్ల మీదుగానే వెళ్లింది.

అప్పుడు నానా నోరు విప్పాడు. "నిన్నొక్కడినే అనడం లేదురా. నేనూ చూశాను ఆ కాళ్లు. ఇంటిల్లిపాదీ పిన్నీ పిన్నీ అని పిలిచాం. సొంత పిన్ని అయితే ఆ ఎర్ర అక్షరాలు చూసి నవ్వేవాడివా? నేను నీళ్లు తాగి పోయేవాణ్ణా?"

హృషికేశ్ పోటీ నుంచి తప్పుకుంటూ కారణం దాచకుండా ఆఫీసుకు రాశాడు. కొందరు ముక్కున వేలేసుకున్నారు, కొందరు ఇంత దూరం రాయాల్సిందేముంది అన్నారు. ఆ కారణం అందరికీ చేరనూ లేదు. సొసైటీలో బోర్డు తీయించడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. ఇరవై రెండు మంది దగ్గరికీ తిరిగాడు. వీటి వల్ల హౌసాబాయి తిరిగి రాదని ఆయనకు తెలుసు.

దసరా ముందు పక్క సీటు కుర్రవాడు, వేరే విభాగం నుంచి కొత్తగా వచ్చినవాడు, ఫోను పట్టుకుని ఆయన దగ్గరికొచ్చాడు. "సార్, రోజూ వాడుకోడానికి మంచి వాచీ ఒకటి చెప్పండి. మీరు బాగా వెతికి కొన్నారట కదా. ఏది తీసుకోమంటారు?"

హృషికేశ్ తన ఖాళీ మణికట్టు వైపు చూసుకున్నాడు. "ఏదైనా తీసుకో, అన్నీ మంచివే. మా ఇంట్లోది ముప్పయ్యారు సార్లు నిజం చెప్పింది. దాన్ని కొనడానికి నాకు మూడు వారాలు తీరికుంది బాబూ, ఆ కొట్టుకునే గుండె ఎవరిదో వాళ్లకు ఆ నిజం చెప్పడానికి ఒక్క నిమిషం తీరిక లేకపోయింది."