చుట్టలక్క

నూట పద్నాలుగో డయోడు కూడా కుదరలేదు. ఆమె దాన్ని పట్టకారుతో పక్క డబ్బాలో వేసి, ఇంకొకటి మీటరుకు తగిలించింది. వేలు తగిలితే ఆ వేడికే అంకె మారిపోతుంది. అందుకని ఊపిరి కూడా పక్కకు తిప్పి వదిలింది.

ఓడరేవు రేడియో గదిలో ఆమెను అందరూ చుట్టలక్క అంటారు. కొత్తగా చేరినవాళ్లు చుట్టలు కాలుస్తుందేమో అనుకునేవారు. ముప్పై ఆరేళ్లుగా ఆమె చుట్టేది వెంట్రుకంత రాగి తీగ, ఉంగరం కంటే చిన్న చక్రాల మీద. చూపుడువేలి మీద తీగ కోసిన గీత ఎన్నడూ మానలేదు.

పొద్దుటి నుంచి పెద్ద రిసీవరులో పడవల మాట వినపడటం లేదు. పాటల స్టేషనొకటి దాని మీదెక్కి కూర్చుంది. పాడైంది రిసీవరులో తరంగాల్ని కలిపే మిక్సరు. సాయంత్రానికి గాలివాన అన్నారు. పదకొండు పడవలు సముద్రం మీద ఉన్నాయి.

"ఒక్క డయోడు పెట్టి కానిచ్చెయ్యక్కా," అన్నాడు ఆపరేటరు.

"ఒక్కదానితోనూ పడవ తరంగం, మన సెట్టు తరంగం కలుస్తాయిరా. కలిస్తే కూడికొకటి, తీసివేతొకటి పుడతాయి. మనం వినేది ఆ తీసివేతనే. కానీ ఒంటి డయోడు పాటల్ని కూడా నేరుగా లోపలికి వదిలేస్తుంది. అదే నాలుగుంటే, అలా దూరొచ్చేదాన్ని ఒకవైపువి ఇంకోవైపువి కొట్టేస్తాయి."

"ఏవో నాలుగు పెట్టు మరి."

"మంచానికి నాలుగు కోళ్లూ ఒకే ఎత్తు లేకపోతే పడుకుంటావా?"

ఫోను మోగింది. దర్జీ పనిచేసే భర్త.

"మూడింటికి డాక్టరు దగ్గరికి. గుర్తుందా?"

"రేపు వెళ్దామండీ."

"పొద్దున మెట్ల మీదే కూలబడిపోయావు."

"లేచాను కదా! మీరు చొక్కా సగం కుట్టి వదిలేస్తారా?"

"ముందు ఏదైనా తిను," అన్నాడతను.

ఆమె తినలేదు. మధ్యాహ్నానికి ఒకే అంకె చూపే నాలుగు డయోడ్లు దొరికాయి. మూడు తీగలు మెలిపెట్టి మిక్సరులోని రెండు చక్రాలకూ చుట్టింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే మోచేతిని బల్లకు ఆనించి టంకం పెట్టింది. టంకం సరిగా అంటని చోట పీకేసి మళ్లీ పెట్టింది.

మిక్సరు బిగించగానే పాట ఆగిపోయింది. బొంగురు గొంతొకటి వినిపించింది: "ఓడరేవూ, వినపడుతోందా?"

ఆపరేటరు ఒక్కో పడవనూ పిలిచి వెనక్కి రమ్మన్నాడు. ఆమె గోడవారగా కుర్చీలో కూర్చుని, బదులిచ్చిన పడవకల్లా ఒక కాగితం మీద గీత పెడుతోంది.

"పదకొండూ వచ్చేస్తున్నాయక్కా!" అంటూ అతను వెనక్కి తిరిగాడు. ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. నిద్ర పట్టిందనుకుని రేడియో గొంతు తగ్గించాడు. టీ తెచ్చి చెయ్యి తట్టినప్పుడు తెలిసింది, ఊపిరి లేదని.

భర్త మెడలో కొలత టేపుతోనే వచ్చాడు. చాలాసేపు ఆమె వేళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"పని అయిందా?" అని అడిగాడు.

"అయిందండీ," అన్నాడు ఆపరేటరు.

కుర్చీ కింద కాగితం పడి ఉంది. పదకొండో గీతను ఎంత గట్టిగా నొక్కిందో, పెన్సిలు మొన విరిగి కాగితంలోనే గుచ్చుకుని ఉంది.