ఆపిన సీటు

ఎల్లారెడ్డిలో సలోమి పొద్దు జొన్నరొట్టెల చప్పుడుతో మొదలవుతుంది. పిండి ముద్దను పీట మీద వేసి అరచేత్తో తడుతుంటే ఆ తపతపకు పాట దానంతట అదే రావాలి. రాదు. నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఫుస్సుమంటుంది, అంతే. మాటకు మాత్రం ఏ లోటూ లేదు. బిడ్డ సోనీని బడికి తరమడానికీ, పాలల్లో నీళ్ల గురించి పాలవాడితో కొట్లాడటానికీ, మస్కట్‌లో ఉన్న భర్త లక్ష్మణ్‌ని ఫోన్లో "తిన్నవా" అని అడగడానికీ, ప్రార్థన చేసుకోవడానికీ గొంతు బాగానే పలుకుతుంది. పాడబోతేనే పలకదు. ఎందుకంటే పాడే గొంతు కామారెడ్డిలో ఉంది.

ఈ సంగతి ఎల్లారెడ్డి సంఘంలో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ ఒకసారి "సలోమక్కా, ఒక కీర్తన ఎత్తుకో" అంటే, అత్త శాంతవ్వే జవాబిచ్చింది. "దాని పాట కామారెడ్డిల ఉన్నదమ్మా. ఇంక తెచ్చుకోలే." పాస్టరమ్మ సరేనని తలూపి పక్కామెను ఎత్తుకోమంది. కుట్టుమిషన్ పుట్టింట్లో ఉండిపోయిందంటే ఎవరు మాత్రం వింతగా చూస్తారు?

జరిగింది ఇదీ. పెండ్లికి ముందు సలోమి కామారెడ్డి చర్చిలో కాయిర్ పిల్ల. హార్మోనియం పక్కన పాత టేకు బెంచీ ఉండేది, దాని గోడవైపు కొస ఆమెది. పెండ్లి ముందటి ఆదివారం, ఏడుపులూ ఫోటోలూ అయ్యాక, ఆ బెంచీ దగ్గర నిలబడి "పోయొస్త. నా సీటు ఎవ్వలకియ్యకుండ్రి" అంది. మన దగ్గర ఎవరూ "పోతున్న" అనరు కదా. గల్లీ చివరికి పోయినా, గల్ఫుకు పోయినా "పోయొస్త" అనే అనాలి. ఇక సీటు ఆపాలంటే దస్తీ, అదే చేతిరుమాలు, వేయాలి. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకునే జిల్లా ఇది. కానీ ఆ రోజు సలోమి దస్తీ కన్నీళ్లకు తడిసి ముద్దయిపోయింది. తడిది వేస్తే బెంచీ పాలిష్ పోతుందని కాయిర్ మాస్టర్ సీతారాం సారు గొణిగాడు. సీతారాం అనే పేరుతో చర్చిలో పాటలు నేర్పుతాడేమిటని ఇక్కడ ఆగి అడగొద్దు, ఆయన్ని అడిగి అడిగి కామారెడ్డే అలసిపోయింది. దస్తీ పనికిరాకపోయేసరికి సలోమి తన దగ్గర ఉన్న ఇంకోటి తీసి సీటు మీద వేసి వెళ్లింది. అది గొంతు.

అప్పటి నుంచి ఆదివారం ఆదివారం ఆ ఖాళీ జాగాలోంచి ఇరవై ఏండ్ల పిల్ల గొంతు పాడుతూనే ఉంది. తెలియక ఎవరైనా కూర్చోబోతే "ఆపిన సీటు అక్కా" అని రాగం తీసి చెబుతుంది. వాళ్లూ మర్యాదగా జరిగి కూర్చుంటారు.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి బస్సులో గంటంబావు. ఆ గంటంబావు దాటడానికి సలోమికి తొమ్మిదేండ్లు చాల్లేదు. మొదట కడుపు, తరవాత సోనీకి పాలపండ్లు రావడం, తరవాత కరోనా, తరవాత లక్ష్మణ్ మస్కట్ ప్రయాణం. అమ్మ పోయాక కామారెడ్డిలో దిగడానికి ఇల్లూ లేకుండా పోయింది. అన్నిటికన్నా పెద్ద అడ్డం శాంతవ్వ మోకాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ మోకాలు మేకపిల్ల లెక్క గంతులేస్తుంది. శనివారం పొద్దుగూకిందంటే చాలు, "లేవరాకున్నది బిడ్డా" అని మూలుగు మొదలు. ఆదివారం మధ్యాహ్నం కోడికూర వాసనకు దానంతట అదే వదులుతుంది. సలోమి సర్దుకున్న బ్యాగు విప్పి, "వచ్చే ఆదివారం పోత తియ్" అనుకుంటుంది. ఆ మోకాలికి క్యాలెండర్ ఎవరు నేర్పారని ఇంట్లో ఎవరూ అడగలేదు.

బట్టలు పిండుతున్నా, స్కూల్ ఆటో కోసం గల్లీ చివర నిలబడినా, సలోమి మనసు ఆ గోడవైపు కొసనే ఉండేది. ఒక మనిషి పట్టేంత జాగా. లోకంలో తన కోసం ఆగి ఉన్నది అదొక్కటే. ఇంట్లో చూస్తే స్టూలు మీద సోనీ పుస్తకాలు, మంచం మీద అత్త, కుర్చీ మీద మడత పెట్టాల్సిన బట్టల కుప్ప. సలోమి వంటింటి గడప మీద కూర్చుంటుంది, సగం లోపల, సగం బయట. గల్లీకి ఆమె "సోనీ మమ్మీ". ప్రార్థనలో కండ్లు మూసుకుని, "ప్రభువా, నువ్వు ఇచ్చినవు, నేను ఇడ్సిపెట్టొచ్చిన. కోపం చేసుకోకు" అనేది. కోపం ఉన్నట్టు ఏ సూచనా రాలేదు. గొంతూ రాలేదు.

ఒకరోజు సీతారాం సారు ఫోన్ చేశాడు.

"వందనాలు సలోమీ. ఒక ముచ్చట. చర్చికి కొత్త కుర్చీలు వస్తున్నయ్. పాత బెంచీలు తీసేస్తున్నం."

"మరి నా సీటు సార్?"

"గదే చెప్తున్న. ఒక కుర్చీ తెచ్చి నీ గొంతును పెట్టి చూసినం. ప్లాస్టిక్ గదా, ఆగుతలేదు, జారి కింద పడుతున్నది. నువ్వన్న వచ్చి కూసో, లేకుంటే తీసుకపో. బెంచీ పోయినంక నా జిమ్మేదారీ గాదు."

"ఈ ఆదివారం తప్పకుండ వస్త సార్."

"తప్పకుండ అనబట్టి తొమ్మిదేండ్లు."

పక్కగదిలో శాంతవ్వ విన్నది. ఆ వారం మోకాలు క్యాలెండర్ కూడా చూసుకోలేదు, బుధవారమే పట్టేసింది.

శుక్రవారం రొట్టె పెనం మీద ఉండగా సారు మళ్లీ ఫోన్ చేశాడు. కుర్చీలు అనుకున్నదానికన్నా ముందే వచ్చాయట. బస్టాండ్ దగ్గరి లతీఫ్ భాయ్ బెంచీలన్నీ తన చాయ్ హోటలుకు తోలుకుపోయాడట.

"గొంతు?"

"బెంచీతోనే పోయింది. లెమ్మన్న. లేస్తలేదు. 'పోయొస్త అన్నది, వస్తది' అంటది. అచ్చం నీ మొండితనమే."

పెనం మీద రొట్టె మాడింది. సలోమి పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని, ఆధార్ కార్డు బ్యాగులో వేసుకుని మంచం ముందు నిలబడింది.

"అత్తమ్మా, నేను పోతున్న."

శాంతవ్వ మూలుగు ఆగింది. "ఏమన్నవ్?"

"పోతున్న అన్న."

"పోయొస్త అనాలె."

సలోమి అనలేదు. ఏండ్ల కింద అన్న ఆ ఒక్క మాట ఇంకా తీర్చనిదే ఉంది, దాని మీద ఇంకోటి ఎట్లా అంటుంది? శాంతవ్వ ఆమె ముఖం చూసింది, చెప్పులు చూసింది. తరవాత మోకాలి సంగతి పూర్తిగా మర్చిపోయి మంచం దిగింది.

"ఆగు. నేను గూడ వస్త."

సోనీ బడి నుంచి వస్తే చూడమని పక్కింట్లో చెప్పి ఇద్దరూ బస్సెక్కారు. తాడ్వాయి దాటాక శాంతవ్వ కిటికీలోంచి చూస్తూ అంది, "మీ మామ పోయొస్త అనే మిల్లుకు పోయిండు, మల్ల రాలే. నిన్ను జూడనే లేదాయన. లక్ష్మణ్ పోయొస్త అన్నడు. రెండేండ్లకోపారి చుట్టంలెక్క వస్తున్నడు. నువ్వు గూడ ఆ సీట్ల కూసుంటే మల్ల లేస్తవో లేవవో అని..."

"గందుకేనా అత్తమ్మా మోకాలు?"

"మోకాలు గూడ నొస్తది. అబద్ధం గాదు." కొంచెం ఆగి, "సగం" అంది.

లతీఫ్ భాయ్ హోటల్ బయటికే వినిపిస్తోంది. సాసర్ల గలగల మీదుగా ఇరవై ఏండ్ల గొంతు కీర్తన రాగంలో లోపలికి ఆర్డర్లు చెబుతోంది, రెండు చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్, చక్కెర తక్కువ అని. హోటలు నిండా జనం. బెంచీ గోడవైపు కొస మాత్రం ఖాళీ.

"ఈ గొంతు నీదేనా బేటీ?" అన్నాడు లతీఫ్ భాయ్. "మస్తు హుషారున్నది. నేను నమాజుకు పోతే గల్లా మీద నిగ ఇదే పెట్టింది. నీ జాగల ఎవ్వల్ని కూసోనియ్యలే. పైల్వాన్ వచ్చిండు, ఎస్సై సాబ్ వచ్చిండు. అందరు జరిగి కూసున్నరు."

సలోమి బెంచీ ముందు నిలబడింది. గొంతు పాట ఆపింది. తరవాత, మర్యాదగా, రాగం తీసి అంది.

"ఆపిన సీటు అక్కా."

గొంతు ఆమెను గుర్తుపట్టలేదు. దాన్ని వదిలి వెళ్లిన పిల్ల సన్నగా, రెండు జడలతో ఉండేది. ఈ వచ్చిన మనిషి నడుము వెడల్పయింది, చేతి మీద పెనం మచ్చలున్నాయి. తను సలోమినని చెప్పుకోవడానికి నోరు రాలేదు. వెనక్కి తిరిగిందో లేదో, చెయ్యి పట్టి ఆపింది శాంతవ్వ.

"ఓ పిల్లా," అంది బెంచీ కొసను చూసి, వేలు ఆడించి, ఇంట్లో ఎట్లా అరుస్తుందో అట్లాగే. "అక్క గాదు, ఇది సలోమే. తొమ్మిదేండ్లు దీన్ని ఆపుకున్నది నేను. నువ్వు సీటు ఆపినవు, నేను మనిషిని ఆపిన. తిట్టేదుంటె నన్ను తిట్టు. ఇప్పుడైతే జరుగు."

హోటలంతా చాయ్ తాగడం ఆపి చూసింది. బెంచీ మీద ఏదో జరిగినట్టు టేకు కిర్రుమంది. సలోమి మెల్లగా గోడవైపు కొసన కూర్చుంది.

"పోయొచ్చిన," అంది.

లతీఫ్ భాయ్ చాయ్ తెచ్చి పెట్టాడు. మొదటి గుటకకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది, రెండో గుటకకు దిగింది. కూనిరాగం తీసి చూసుకుంది. వచ్చింది. ఇరవై ఏండ్ల గొంతు కాదు అది ఇప్పుడు. కొంచెం బొంగురు, కొంచెం రొట్టెల పొగ. కానీ తనదే. ఆర్డర్ చెప్పేవాళ్లు లేక లోపల చాయ్ మాస్టర్ తికమకపడ్డాడు. లతీఫ్ భాయ్ తనే లేచి కేకేశాడు.

బస్టాండ్‌లో ఎల్లారెడ్డి బస్సు అప్పటికే కిటకిట. ఆడవాళ్లకు ఉచితం అయినప్పటి నుంచి సీటు దొరకడమంటే దేవుడు కనపడ్డట్టే. శాంతవ్వ గుంపులో ఎటు మాయమైందో తెలియలేదు. సలోమి ఎక్కి చూస్తే కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్లు దాన్ని చూస్తున్నారే గాని ఎవరూ కూర్చోవడం లేదు. ఒకాయన వంగబోయాడు. మనిషి లేని ముసలి గొంతు సీటులోంచి కసిరింది.

"కండ్లు అవుపడ్తలేవా? మా కోడలు వస్తది."

సలోమి కూర్చుంది. వెనక తలుపు నుంచి శాంతవ్వ నెట్టుకుంటూ వచ్చి, నోరు ఆడించింది, చప్పుడు రాలేదు, నవ్వింది. కండక్టర్ ఉమాదేవి అందరినీ ఒకసారి చూసి, టికెట్లు చింపింది. "గొంతుకు గూడ జీరో టికెట్టే. ఆడగొంతే గద."

ఇప్పుడు ఆదివారాలు ఇట్లా నడుస్తున్నాయి. పొద్దున్నే సలోమి "పోయొస్త అత్తమ్మా" అని మొదటి బస్సెక్కుతుంది. శాంతవ్వ తన గొంతు తీసి సీటు మీద వేస్తుంది, పోనూ రానూ. కామారెడ్డిలో సలోమి కొత్త కుర్చీలో కూర్చుని పాడుతుంది, గొంతు జారిపడకుండా చూసుకోవడానికి ఈసారి మనిషే ఉంది కదా. అంతసేపూ శాంతవ్వ గొంతు బస్సులో సీటు కాస్తూ ఉంటుంది. ఎల్లారెడ్డిలో ఆ గల్లీకి మధ్యాహ్నం దాకా ఎక్కడా లేని శాంతి. సోనీని చర్చికి తీసుకుపోయి వచ్చి, శాంతవ్వ వాకిట్లో మూగగా కూర్చుని రోడ్డు వైపు చూస్తుంది. మోకాలు అప్పుడు నిజంగానే నొస్తుంది, కానీ చెప్పడానికి గొంతు లేదు.

మొదటి ఆదివారం సలోమి తిరిగి వచ్చి, "పోయొచ్చిన" అని అత్త గొంతు అత్తకిచ్చింది. శాంతవ్వ గొంతు సవరించుకుంది. తిట్టు వస్తుందేమోనని సలోమి అలవాటుగా వంటింటి గడప వైపు నడిచింది.

"ఆడ గాదు," అంది శాంతవ్వ. "ఈడ కూసో."

కుర్చీ మీద బట్టల కుప్ప లేదు. ఉతికి ఆరేసిన దస్తీ ఒకటి, నాలుగు మడతలు పెట్టి, వేసి ఉంది.