వెచ్చటి గోడ

మా ఇంట్లో ఏ వస్తువూ చావదు. చావనివ్వరు మా మామయ్యగారు. ఫ్యాను రెక్క వదులైతే తీగ, చెప్పు తెగితే మేకు, కుర్చీ కాలు విరిగితే చెక్కముక్క, మిగిలిన సమస్త రోగాలకూ నల్ల టేపు. వీధిలో పిల్లలు ఆయన్ని టేపు తాత అంటారు. మా పాప కూడా అలాగే పిలుస్తుంది, ఆయన మురిసి ముక్కలైపోతారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ ముచ్చటగానే ఉండేది. ఇప్పుడు ఆ టేపు చుట్ట కంటబడితే చాలు, ఒళ్లు మండుతుంది.

గొడవంతా బాయిలర్ దగ్గర మొదలైంది. స్నానాలగదికీ పాప గదికీ మధ్య బీరువా పట్టేంత జాగాలో నిలబెట్టిన ఇనుప పీపా అది. ఇంటిల్లిపాదికీ వేన్నీళ్లు అందులోంచే రావాలి. దాని పక్కనుంచి కిందికి దిగే సన్నటి గొట్టం చివర చుక్క చుక్కగా కారడం మొదలైంది. కింద గిన్నె పెట్టాను. నిండేది, పారబోసేదాన్ని, మళ్లీ నిండేది. బట్టల కొట్లో పని ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి నీళ్లు గిన్నె పొర్లి పాప గది గుమ్మందాకా పాకి ఉండేవి.

మెకానిక్‌ని పిలిచాను. వచ్చినవాణ్ని చూస్తే నమ్మకం కలగలేదు. నోట్లో చూయింగ్ గమ్, చెవి దగ్గర ఫోను, చంకలో కొత్త బాయిలర్ల బొమ్మల పుస్తకం. ఫోను మాట్లాడుతూనే పీపా చుట్టూ తిరిగాడు, రెండుచోట్ల కొట్టి చూశాడు, పెదవి విరిచాడు.

"మార్చెయ్యండి."

"చొక్కా గుండీ ఊడితే చొక్కా పారేస్తామా?" అన్నారు మామయ్యగారు.

"గుండీ కాదు తాతగారూ. కారేది సేఫ్టీ వాల్వు. లోపల థర్మోస్టాట్ పోయింది. నీళ్లు కాగాక కరెంటు ఆగాలి కదా, ఆగట్లేదు. ఆ ఒత్తిడికి వాల్వు తెరుచుకుని కొంచెం కొంచెం వదుల్తోంది. థర్మోస్టాట్ ఒక్కటే మార్చొచ్చు, కానీ పీపా అంతా తుప్పు. దానిమీద నేను చెయ్యి వెయ్యను."

తాతగారూ అన్నందుకే మామయ్యగారికి సగం మండింది. "అమ్ముకోవడానికొచ్చినవాడు పాతది బాగుందంటాడా? వెళ్లిరా నాయనా," అన్నారు.

గేటుదాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగి నాతో అన్నాడు: "అది కారుతున్నంతవరకూ భయం లేదమ్మా. కారడం ఆగితే మాత్రం స్విచ్చి ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి."

వీడికేమైనా తిక్కా అనుకున్నాను. నీళ్లు కారడం ఆగితే ఎవరైనా సంతోషిస్తారు గానీ భయపడతారా?

మర్నాడు నేను పనినుంచి వచ్చేసరికి గిన్నె బోర్లించి ఉంది. నేల పొడిగా తళతళలాడుతోంది. గొట్టం చివర ఇత్తడి మూత బిగించి, దాని మీద టేపు చుట్టి, పక్కన రెంచి పట్టుకుని నిలబడి ఉన్నారు మామయ్యగారు.

"చూశావా అమ్మాయ్! వాడు మొత్తం పీకెయ్యమన్నాడు. ఒక్క మూతతో సరిపోయింది."

పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించారు. వాళ్లు ఆహా ఓహో అన్నారు. నేనూ నవ్వాను, దేనికి నవ్వానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. దుకాణాల్లో, ఆఫీసుల్లో గోడలకు తగిలించే మంటలార్పే సిలిండర్లు ఉంటాయి కదా, అవి తనిఖీ చేయడం ఆయన పని. ముల్లు ఎక్కడుంది, ఒత్తిడి ఎంతుంది, సీలు ఎలా ఉంది అని ప్రతిదీ చూసి సంతకం పెడతాడు. ఊళ్లోవాళ్లందరికీ జాగ్రత్తలు చెప్పి ఇంటికొస్తాడు.

వంగి ఆ మూత తాకి చూశాడు. మొహంలో రంగు మారింది. నా వైపు చూశాడు, వాళ్ల నాన్న వైపు చూశాడు.

"ఎలా ఉందిరా?" అన్నారు మామయ్యగారు, కళ్లలో దీపాలు పెట్టుకుని.

"బాగుంది నాన్నా."

ఆ రెండు మాటలే మా కొంప ముంచబోయాయి.

రెండ్రోజుల తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. బుస్సుమని ఆవిరి వచ్చింది. చెయ్యి లాక్కున్నాను కాబట్టి సరిపోయింది. గోడ అవతల పీపా గుర్రుగుర్రుమంటోంది. అప్పుడు వెలిగింది నాకు. పొయ్యిమీద కుక్కర్ ఉండగా విజిల్‌ని కదలకుండా తీగతో కట్టేస్తే ఏమవుతుందో వంట చేసేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మేం చేసింది అదే. పైగా ఆ కుక్కర్‌ని ఆనుకునే నా కూతురు పడుకుంటోంది.

పాపకి ఆ గోడంటే ప్రాణం. వెచ్చగా ఉంటుందని మంచం దానికే ఆనించి వేయించుకుంది. వాళ్ల తాత దగ్గర టేపు అడిగి గోడంతా బొమ్మలు అంటించుకుంది. పిల్లిలా వీపు ఆనించి పడుకుంటుంది.

వెంటనే స్విచ్చి ఆపేశాను. మా ఆయన్ని వంటింట్లోకి లాక్కొచ్చి అడిగాను, "ఆ మూత పెట్టొచ్చా?"

"పెట్టకూడదనుకో... కానీ నాన్నకి చెబితే చిన్నబుచ్చుకుంటారు. అమ్మ పోయాక ఆయనకి మిగిలింది ఈ మరమ్మతులే కదా. మెల్లిగా చెబుతాలే."

"మెల్లిగానా? మరి పాప?"

"ఏం కాదు. నువ్వు ప్రతిదానికీ భూతద్దం పెట్టి చూస్తావు."

నేనే వెళ్లి మామయ్యగారికి చెప్పాను. విన్నారు. కోప్పడను కూడా లేదు. "పిచ్చితల్లీ, నా కొడుకు చూసి బాగుందన్నాడుగా. వాడి ఉద్యోగమే అది. ప్రమాదమైతే వాడు చెప్పడూ?" అంటూ వెళ్లి స్విచ్చి వేశారు. నేను ఆపడం, ఆయన వెయ్యడం. ఆ రోజంతా ఇదే ఆట. పాపని నా పక్కలోకి తెచ్చుకున్నాను. అది గోడ కావాలని ఏడ్చింది. ఎత్తుకెళ్లి మళ్లీ అక్కడ పడుకోబెట్టబోయాడు మా ఆయన. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కానీ అరవలేదు.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాక పాప మంచం ఈడ్చి మా గదిలో పడేశాను. మా ఆయన పడుకునే మంచం ఈడ్చుకెళ్లి ఆ గోడకి ఆనించాను. దుప్పటి వేశాను, దిండు సర్దాను.

"ఏంటిది?" అన్నాడు.

"ఏం కాదన్నారుగా. పడుకోండి."

"పడుకోరా, గోడ వెచ్చగా హాయిగా ఉంటుంది," అన్నారు మామయ్యగారు. పాపం ఆయన నిజంగానే అన్నారు.

మా ఆయనకి వేరే దారి లేదు, పడుకున్నాడు. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. మంచం కిర్రుమంది. ఒకసారి అటు తిరిగాడు, ఒకసారి ఇటు తిరిగాడు. గోడలోంచి గుర్రుమన్న చప్పుడు వచ్చింది. కాసేపటికి అడుగుల సవ్వడి, ఆ తర్వాత టక్‌మని స్విచ్చి. వెళ్లి చూశాను. బాయిలర్ స్విచ్చి మీద ఇంకా మా ఆయన చెయ్యి ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"నాన్నకి చెప్పకు," అని గుసగుసలాడాడు. "నిద్ర లేచాక మళ్లీ వేసేస్తాను."

ఆ మాట విన్నాక నాలో ఏదో తెగింది. తను కాసేపు కునుకు తియ్యడానికి దొరికిన స్విచ్చి, పసిపిల్ల అక్కడ పడుకున్నప్పుడు దొరకలేదు. పైగా లేచాక మళ్లీ వేస్తాడట! ఎవరి కోసం వెయ్యడం?

"నీ ప్రాణం మాత్రం ప్రాణమా?" అని అరిచాను. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. "నీ కూతురిది కాదా?"

మామయ్యగారు పరుగున వచ్చారు. "ఏమైందమ్మా?"

"మీ అబ్బాయి బాయిలర్ ఆపాడు మామయ్యగారూ. ఎందుకు ఆపాడో అడగండి."

"ఎందుకురా?"

మామయ్యగారు కొడుకు చేతిని చూశారు, స్విచ్చిని చూశారు, మంచాన్ని చూశారు. పాప అంటించిన బొమ్మల మీద ఆయన చూపు ఆగిపోయింది.

"బాగుందన్నావు కదరా," అన్నారు. "నేను నిన్ను అడిగాను కదరా."

"మీరు బాధపడతారని..."

చెంప ఛెళ్లుమంది. కొడుకు మీద ఆయన చెయ్యెత్తడం నేనెప్పుడూ చూడలేదు. అదే చేత్తో రెంచి తీసుకుని బాయిలర్ వైపు నడిచారు. అడ్డుపడ్డాను.

"చల్లారనివ్వండి మామయ్యగారూ. ఇప్పుడు ముట్టుకోవద్దు."

చీకటి పడేదాకా ఆయన అక్కడే నేలమీద కూర్చున్నారు. నేను మెకానిక్‌కి ఫోన్ చేశాను. వచ్చాడు, అదే చూయింగ్ గమ్‌తో. మూత తియ్యబోతూ మా వైపు చూసి మొట్టమొదటిసారి నమలడం ఆపాడు. "దీన్ని ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే," అన్నారు మామయ్యగారు.

మా ఆయన నోరు మెదపలేదు. అప్పుడు కూడా.

కొత్త బాయిలర్ వచ్చింది. మామయ్యగారు దాని జోలికి పోరు. పాప వచ్చి టేపు అడిగితే మాత్రం చుట్ట మొత్తం ఇచ్చేస్తున్నారు. అందరూ నాకు నచ్చజెబుతున్నారు, ఏమీ కాలేదుగా, ఇంకా ఏమిటా కోపం అని. ఏమీ కాలేదు, నిజమే. గోడ మళ్లీ వెచ్చగా ఉంది. పాప మంచం నా గదిలోనే ఉంది. ఆయన మంచం ఆ గోడ పక్కనుంచి నేను జరపలేదు, జరపమని ఆయనా అడగలేదు.