వెబ్‌సైట్‌లో చావుపాట

అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తున్న రమణికి 'మాయమైన కొండపాటలు' అనే వెబ్‌సైట్ తగిలింది. ఎవరో పట్నం పెద్దమనిషి సొంత సరదాకి పెట్టుకున్నది. ఒక పాట నొక్కితే, తాత పోయిన రోజు అవ్వ ఈశ్వరమ్మ పాడిన చావుపాట వినిపించింది! ఆ రోజు శవం పక్కన మైకు పెట్టి, టీ తాగి మరీ వెళ్లినవాడు వీడే అన్నమాట.

చావు లేని ఇంట ఆ పాట పాడరు. అది వినపడితే చాలు, ఊళ్లోవాళ్లు తలా గుప్పెడు బియ్యంతో బయల్దేరతారు. లోపల్నుంచి అవ్వ కంగారుగా వచ్చింది, గుప్పిట్లో బియ్యంతో.

"ఎవులు పోనారే, గుంటా?"

పాట కింద రాసి ఉంది: 'ఇది తెలిసిన ఆఖరి మనిషి కూడా కన్నుమూసింది.'

"నువ్వేనంట, అవ్వా" అంది రమణి.